అక్షరముల తారుమారు

మా మేనత్తకు చదువు లేదు. పాటలు మాత్రము నూటికి తక్కువ కాకుండ వచ్చెడివి. ధనుర్మాసములో గొబ్బిపాటలు, పెండ్లిలో తలుపుదగ్గరి పాటలు, సీమంతమునకు హారతులు, రోకటి దెబ్బకు సరిపడు దంపుళ్లపాటలు, ఎవరి కేది కావలసినను ఆమెనే అడుగుచుండిరి. 2008వ సంవత్సరపు వేసవిలో మేము రెండు నోటుపుస్తకములు కొని, ఆమె వసారాలో పీటమీద కూర్చుండి పాడుచుండగా వ్రాసికొంటిమి. మధ్యలో ఆపి మరల చెప్పుమన్నచో ఆమెకు చరణము తప్పిపోయెడిది. కావున ప్రతిసారియు మొదటినుండి పాడించుకొనవలసి వచ్చెడిది. ఆ శ్రమ మాకంటె ఆమెకే ఎక్కువ. మొదటి పుస్తకమును మా అన్నగారి కుమారుడు తన కంప్యూటరులో తెలుగున టైపు చేసి ఇచ్చెను. రెండవదానిని మేమే మా ఇంటి కంప్యూటరులో టైపు చేసితిమి. రెండేండ్లకు ఆమె కాలము చేసెను. అటకమీద నుంచిన నోటుపుస్తకములను చెదలు తినెను. మిగిలినవి రెండు ఫైళ్లు.

ఆ రెండు ఫైళ్లను ఒకనాడు వరుసగా తెరచి చూచితిమి. మొదటిదానిలో తెలుగక్షర మొక్కటియు లేదు. తలపై గీటుగల ఆంగ్లపు ‘ఎ’, దాని ప్రక్కన చిన్న సున్న, మరల ఆ ‘ఎ’యే, ఈసారి దాని ప్రక్కన కూడిక తీసివేత గుర్తు; ఇట్లు పుటలకొలది గజిబిజి. రెండవదానిలో అంత గందరగోళము లేదు. ప్రశ్నార్థక చిహ్నములు బారులు తీరియుండెను. చూపునకు మొదటిదే పూర్తిగా పాడైనట్లును, రెండవది కొంత శుభ్రముగా నున్నట్లును తోచెను. నిజము తలక్రిందులు. మొదటి ఫైలులోని పాటలన్నియు అర నిమిషములో తిరిగి వచ్చినవి. రెండవ ఫైలునుండి ఒక్క అక్షరమైనను నేటివరకు రాలేదు; ఇక రాదు. ఒకటి బ్రతికి బయటపడుటకును, రెండవది చచ్చుటకును కారణమేమి? ఈ ప్రసంగమున ఆ సంగతినే విన్నవింప దలచితిమి. ఇంట కంప్యూటరు ఉండి, అందులో నాలుగు తెలుగు ముక్కలు వ్రాసి దాచుకొను వారెవరికైనను ఇది ఎదురుకావచ్చును.

కంప్యూటరునకు అక్షరము తెలియదు. దానికి తెలిసినది అంకె ఒక్కటే. ‘క’ అను అక్షరమునకై మనము మీట నొక్కినచో, లోపల నిలుచునది ఒక సంఖ్య. తెరమీద మరల ‘క’ కనబడవలెనన్నచో, ఏ సంఖ్యకు ఏ అక్షరమో చెప్పు పట్టిక యొకటి ఉండవలెను. ఈ పట్టికనే ఎన్‌కోడింగ్ అందురు. పేరు కొత్తదే కాని, సంగతి మనవారికి కొత్త కాదు. 2013 జూలైలో మన దేశమున తంతిసేవ ముగియువరకు, తంతికార్యాలయములలో శుభాకాంక్షల జాబితా యొకటి ఉండెడిది. దీపావళి శుభాకాంక్షల కొక సంఖ్య, వధూవరుల ఆశీస్సుల కొక సంఖ్య, పరీక్ష నెగ్గిన విద్యార్థిని అభినందించుటకు మరియొక సంఖ్య. పంపువారు సంఖ్యను మాత్రము చెప్పిన చాలును. చేరిన ఊరిలోని గుమాస్తా తన జాబితాను చూచి, ఆ సంఖ్యకు తగిన వాక్యమును పూర్తిగా వ్రాసి ఇచ్చెడివాడు. పంపినచోట ఒక జాబితాయు, అందినచోట వేరొక జాబితాయు ఉన్నదనుకొందము. పెండ్లివారింటికి పరీక్షాభినందనలు చేరును. తీగ తప్పు చేయలేదు. దారిలో సంఖ్య మారలేదు. చదివిన జాబితా వేరు, అంతే.

కంప్యూటరు లోకమున ఇట్టి జాబితాలు ఒకటి రెండు కావు. 1963లో అమెరికావారు ఆస్కీ అను పట్టికను ప్రకటించిరి. అందులో 128 స్థానములు. 1967 నాటి సవరణతో ఆంగ్లపు చిన్న అక్షరములును చేరి, వారి పనికి అది సరిపోయినది. అయితే కంప్యూటరు జ్ఞాపకములోని ఒక్కొక్క గడిలో 256 విలువలలో ఏదైన నొకటి ఇముడును. మిగిలిన 128 స్థానములను ఎవరికి తోచినట్లు వారు నింపుకొనిరి. పశ్చిమ యూరపువారు తమ గీటులుగల అక్షరములను, రష్యనులును గ్రీకులును తమ తమ లిపులను అందులో నుంచిరి. 200 అను సంఖ్య ఫ్రెంచివారి పట్టికలో ఒక అక్షరము, రష్యనుల పట్టికలో మరియొకటి.

మన దేశమునను ఒక ప్రయత్నము జరిగినది. భారత ప్రమాణముల సంస్థ 1991లో ఇస్కీ అను పట్టికను ప్రమాణముగా ప్రకటించినది. అందులో ‘క’ సంఖ్య 179. ఆ ‘క’ తెలుగైనను, కన్నడమైనను, దేవనాగరియైనను సంఖ్య అదియే. ఏ లిపిలో చూపవలెనో వేరుగా చెప్పవలెను. బ్రాహ్మినుండి పుట్టిన లిపులన్నింటికిని వర్ణక్రమ మొక్కటే అను మన పెద్దల ఎరుక ఆ పట్టికలో చక్కగా పనిచేసినది. మాకు నేటికిని ఆ ఊహ ముచ్చటగా తోచును. కాని కొన్ని ప్రభుత్వ సంస్థలకు వెలుపల అది అంతగా వ్యాపింపలేదు. ఆ ఏడే మరియొక పట్టికయు వెలువడినది. దాని పేరు యూనికోడ్. ప్రపంచములోని లిపులన్నింటికిని, ఒకదాని సంఖ్య వేరొకదానికి రాకుండ, విడివిడిగా సంఖ్యల నిచ్చుట దాని సంకల్పము. అందులో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు. ‘అ’ 3077, ‘క’ 3093. గుణింతపు గుర్తులకు వేరు సంఖ్యలు గలవు. ‘తెలుగు’ అను మాట మన కంటికి మూడక్షరములే గాని, యూనికోడ్ లెక్కలో ఆరు: త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము. ఈ లెక్కను శ్రోతలు జ్ఞాపకముంచుకొన గోరుదుము. ముందు దీనితో పని యున్నది.

256 విలువలకు మించి పట్టని గడిలో 3093 ఎట్లు పట్టును? దానిని ముక్కలు చేసి, వరుసగా పెక్కు గడులలో నుంచవలెను. ఆ ముక్కలు చేయు పద్ధతులును పెక్కు గలవు. నేడు విశేషముగా వాడుకలో నున్నది యుటిఎఫ్-8. 1992 సెప్టెంబరులో ఒక రాత్రి, న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను ఇరువురు భోజనమునకు కూర్చుండగా, పళ్లెము క్రింద పరచు కాగితముమీద థాంప్సన్ దీని నమూనాను గీసెనని పైక్ తరువాత వ్రాసెను. ఈ పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక గడి చాలును. తెలుగులో ఒక్కొక్క అక్షరమునకును, ఒక్కొక్క గుర్తునకును మూడేసి గడులు కావలెను. ‘త’ యనగా 224, 176, 164. ‘తెలుగు’ అను మాటకు 18 గడులు.

ఇక్కడ ఒక మాట. ఆస్కీలోని ఆంగ్లాక్షరముల సంఖ్యలను తరువాతి పట్టికలలో చాలభాగము మార్చక అట్లే ఉంచుకొనినవి. అందుచేత ఆంగ్లములో మాత్రమే వ్రాయువారికి ఈ బాధ దాదాపు తెలియదు. మన ఫైలులో ఆంగ్లపు మాటలు చెక్కుచెదరక, తెలుగు మాత్రము చెడియుండుట చూచి, కంప్యూటరునకు తెలుగు పనికిరాదని నిట్టూర్చిన పెద్దలను మే మెరుగుదుము. ఆ నిట్టూర్పు వృథా. చెడినది తెలుగు కాదు. చదివిన పట్టిక వేరు.

ఇక అసలు చిక్కునకు వత్తుము. సాదాపాఠపు ఫైలులో అంకెలే ఉండును. అవి ఏ పట్టిక ప్రకారము వ్రాసినవో సాధారణముగా ఆ ఫైలులో ఎక్కడను వ్రాసియుండదు. రేడియోలోనైనచో, ఇది ఫలానా కేంద్రము, ప్రసారము ఫలానా మీటర్లపై అని ప్రకటన వినవత్తురు. ఫైలునకు అట్టి ప్రకటన లేదు. చేయుటకు ఉపాయము లేకపోలేదు: ఫైలు మొట్టమొదట 239, 187, 191 అను మూడు సంఖ్యల నుంచినచో, ఇది యుటిఎఫ్-8 అని గుర్తు. కాని ఆ గుర్తును కొన్ని కార్యక్రమములు కోరును, కొన్ని సహింపవు; కావున ఉంచువా రుంతురు, ఉంచనివారు ఉంచరు. ప్రకటన లేనప్పుడు ఎడిటరు, అనగా మనము పాఠమును వ్రాయుటకును దిద్దుటకును వాడు కార్యక్రమము, ఊహ చేయవలసినదే. లేక తనకు అలవాటైన పట్టికతో చదివివేయవలసినదే.

ఊహ తప్పుటకు ప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి గలదు. పూర్వము విండోస్‌తో వచ్చు నోట్‌ప్యాడ్‌లో, నాలుగు, మూడు, మూడు, ఐదు అక్షరములుగల ఆంగ్లపు మాటలు నాలుగింటిని చిన్న అక్షరములతో ఒక వాక్యముగా వ్రాసి దాచి, మరల తెరచినచో, కొన్ని వాక్యముల విషయమున తొమ్మిది చీనా అక్షరములు కనబడెడివి. ఖాళీలతో కలసి ఆ వాక్యమున 18 సంఖ్యలు. వానిని రెండేసి చొప్పున జతపరచి చదువవలెనని ఎడిటరు భ్రమించినది. అట్టి వాక్యములలో ఒకదానియందు అప్పటి అమెరికా అధ్యక్షుని పేరుండుటచే, ఇందులో రహస్యము దాగియున్నదని తలచినవారును గలరు. రహస్యము లేదు, పొరబాటు ఊహయే. 2007లో ప్రజలకు అందిన విస్టాలో ఊహించు పద్ధతిని మార్చిరి.

పట్టిక తప్పుట రేడియో ముల్లు తప్పుచోట నిలుచుట వంటిది. గరగర వినబడును. అంతమాత్రమున కేంద్రములో పాడుచున్న గాయకుని కంఠమునకు హాని లేదు. ముల్లును సరిచేసినచో పాట వినబడును. మా మొదటి ఫైలు సంగతి ఇదియే. మా అన్నగారి కుమారుడు దానిని యుటిఎఫ్-8లో వ్రాసెను. మా ఎడిటరు పశ్చిమ యూరపువారి పట్టికతో చదివినది. కొన్ని ఎడిటర్ల మెనూలో ‘ఆన్సీ’ అని కనబడునది మన దేశపు కంప్యూటర్లలో తరచు ఆ పట్టికయే. యుటిఎఫ్-8లో తెలుగక్షరములన్నియు 224తో మొదలగును. ఆ పట్టికలో 224 అనగా తలపై గీటుగల ‘ఎ’. రెండవ సంఖ్య రెండే విధములు: అచ్చులకు, హల్లులకు, దీర్ఘమునకు, గుడికి 176, గుడిదీర్ఘము మొదలు తక్కిన గుణింతపు గుర్తులకు 177. మొదటిది వేడిమిని సూచించునప్పుడు అంకెపై నుంచు చిన్న సున్న. రెండవది కూడిక తీసివేత గుర్తు. ఆ ‘ఎ’యు, ఆ సున్నయు, ఆ గుర్తును వరుసగా కనబడినచో భయపడ నక్కరలేదు. అది తెలుగే, బ్రతికియే యున్నది, వేషము మాత్రము మారినది. తమిళమైనచో సున్నకు మారుగా వలయములో ‘ఆర్’ అను అక్షరముగల గుర్తు తరచుగా కనబడును. గజిబిజిని బట్టియే భాషను చెప్పవచ్చునన్న మాట. జపానువారు ఈ గజిబిజికి ‘మొజిబకె’ అని పేరు పెట్టిరి. మొజి అనగా అక్షరము. బకె అనగా రూపు మారుట, దయ్యములు మారువేషము వేయుటకును అదే మాట. మనకింకను ఇట్టి మాట ఏర్పడలేదు.

దీనిని తక్కిన జబ్బులతో కలపి చూడరాదు. అక్షరములకు బదులు చిన్న చిన్న డబ్బాలు కనబడినచో, పట్టిక సరిగానే యున్నది, ఆ కంప్యూటరులో తెలుగు ఫాంటు లేదని అర్థము. ఫాంటు నుంచినచో తీరును. మరియొకటి కొంచెము మొండిది. 2000 ప్రాంతమున మన పత్రికల వెబ్‌సైట్లు కొన్ని తమ తమ సొంత ఫాంటులను వాడెడివి. అను ఫాంటులతో పేర్చు డీటీపీ కేంద్రములు ఇప్పటికిని గలవు. అట్టిచోట ఫైలులోనున్నవి నిజముగా ఆంగ్లాక్షరముల సంఖ్యలే. ఫాంటు వానికి తెలుగు బొమ్మల తొడుగు తొడుగును. ఆ ఫాంటు లేనిచోట తొడుగు ఊడి, అర్థములేని ఆంగ్లము కనబడును. ఇక్కడ పట్టికను ఎన్నిమార్లు మార్చినను ఫలము లేదు. ఆ ఫాంటునుండి యూనికోడ్‌నకు మార్చు కార్యక్రమము వేరుగా కావలెను.

ప్రమాదమంతయు సేవ్ చేయుటలో నున్నది. రేడియోలో గరగర విన్న శ్రోత ఆ గరగరను తిరిగి ప్రసారము చేయలేడు. ఎడిటరు చేయగలదు. గజిబిజి కనబడుచుండగా, ఏదో ఒకటి దిద్ది, సేవ్ మీట నొక్కితిమా, ఎడిటరు ఆ గజిబిజినే అసలు పాఠమని నమ్మి వ్రాయును. దానిని యుటిఎఫ్-8లో వ్రాసినచో, ఒక్కొక్క గుర్తును మరల రెండు మూడు ముక్కలై, ‘తెలుగు’ అను మాటకు కావలసిన 18 గడులు రెట్టింపునకు మించును. గజిబిజికి గజిబిజి పుట్టును. దీనినైనను వెనుకకు నడిపి సరిచేయవచ్చును, ఓర్పు కావలెను. కాని పశ్చిమ యూరపువారి ఆ పట్టికలో ఐదు స్థానములు ఖాళీగా నున్నవి: 129, 141, 143, 144, 157. ఆ సంఖ్యల కెదుట ఏ అక్షరమును లేదు. తెలుగులో మూడవ గడియందు ఈ సంఖ్యలు వచ్చు వర్ణము లేవియని మేము లెక్క కట్టి చూచితిమి. అరసున్న, ఏ, ఐ, ఝ, కొమ్ము, పొల్లు. ఖాళీస్థానపు సంఖ్యను కొన్ని ఎడిటర్లు అట్లే దాచును. కొన్ని దానిని పారవేసి ప్రశ్నార్థకము నుంచును. అరసున్నను అచ్చువారెప్పుడో పారవేసిరి. ‘ఝ’ లేకున్న కొంతకాలము బ్రతుకవచ్చును. పొల్లు లేనిదే వత్తక్షర మేర్పడదు. కొమ్ము లేనిచో? డు, ము, వు, లు ప్రథమా విభక్తి అని చిన్ననాడు వల్లించితిమి కదా. ఆ నాలుగింటికిని కొమ్మే ఆధారము. కొమ్ము పోయినచో తెలుగు వాక్యమునకు కర్తయే నిలువడు.

మా రెండవ ఫైలుది ఇంతకంటె సులభమైన చావు. తప్పు మాదే. మేము తెలుగున టైపు చేసి, సేవ్ చేయునప్పుడు, పట్టిక పేరుండవలసిన చిన్న పెట్టెలో ‘ఆన్సీ’ అని యుండెను. దానిని మేము చూడలేదు. ఎడిటరు ఊరకుండలేదు కూడ. ఈ పాఠములో యూనికోడ్ అక్షరము లున్నవి, ఇట్లు దాచినచో అవి పోవునని ఆంగ్లములో హెచ్చరించి, సమ్మతియా అని అడిగినది. దినమున పదిమార్లు ఏవేవో అడుగు యంత్రమునకు సమాధానము చెప్పు అలవాటున, చదువకయే సమ్మతి మీట నొక్కితిమి. ఆ పట్టికలో తెలుగున కొక్క స్థానమైనను లేదు. లేని అక్షరమునకు బదులుగా ఎడిటరు 63 అను సంఖ్యను వ్రాసినది. 63 అనగా ప్రశ్నార్థకము. ‘త’కును 63, ‘ల’కును 63, కొమ్మునకును 63. గజిబిజిలో ఏ సంఖ్య ఏ అక్షరమునుండి వచ్చినదో తెలియును గాన వెనుకకు పోవచ్చును. అన్నియు 63 అయినపుడు ఎక్కడికి పోవుదుము? వెలిసిన చిత్రమును కడిగి చూడవచ్చును. సున్నము కొట్టిన గోడపై నేమి చూతుము? అప్పటికి తెరమీద తెలుగు చక్కగానే కనబడుచుండెను. మూసి, మరునాడు తెరచినప్పుడుగాని సంగతి తెలిసినది కాదు. నోటుపుస్తకమున్నది కదా, తీరికగా మరల టైపు చేయవచ్చునని ఊరకుంటిమి. ఆ తీరిక చెదలకు ముందు దొరకలేదు.

నేడు పరిస్థితి కొంత మెరుగు. 2019 మే నెలలో వచ్చిన విండోస్ 10 సవరణనుండి నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్లను యుటిఎఫ్-8లోనే వ్రాయును. అయినను పాత ఫైళ్లు పాతవే, పాత కంప్యూటర్లు పాతవే. కామాలతో వేరుచేసిన జాబితాను ఎక్సెల్‌లో నేరుగా తెరచి, తెలుగు పేర్లన్నియు గజిబిజి యైనవని వాపోవు గుమాస్తాలను ఇప్పటికిని చూచుచున్నాము. అక్కడ మేము చెప్పిన 239, 187, 191 గుర్తు ఫైలు ముందున్నచో ఆ బాధ చాలవరకు తప్పును.

గజిబిజి కనబడినపుడు చేయవలసినది చెప్పుదుము. మొదట ఏమియు దిద్దరాదు, సేవ్ చేయరాదు. ఫైలును మూసి, దానికి నకలు తీసి, ఆ నకలునే తెరువవలెను. తరువాత ఎడిటరులో ఎన్‌కోడింగ్ అను పేరుగల చోటును వెదకవలెను. కొన్నింటిలో అది మెనూలో నుండును. కొన్నింటిలో తెర అడుగున కుడివైపు చిన్న అక్షరములతో నుండును. అక్కడ రెండు విధములైన ఆజ్ఞలుండును. వీని భేద మెరుగక చెడినవారే ఎక్కువ. ఒకటి, ఉన్న సంఖ్యలను వేరొక పట్టికతో తిరిగి చదువుమనుట. విఎస్ కోడ్ అను ఎడిటరులో దీనిని ‘రీఓపెన్ విత్ ఎన్‌కోడింగ్’ అందురు. ఇది రేడియో ముల్లును త్రిప్పుట. సేవ్ చేయనంతవరకు దీనివలన హాని లేదు, ఒకటి కాకున్న మరియొకటి త్రిప్పి చూడవచ్చును. రెండవది, తెరమీద కనబడుచున్నదానిని వేరొక పట్టికలోనికి మార్చి వ్రాయుమనుట. అక్కడనే ‘సేవ్ విత్ ఎన్‌కోడింగ్’ అనియు, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ‘కన్వర్ట్’ అను మాటతోను కనబడునది ఇదియే. తెలుగు సరిగా కనబడిన తరువాతనే దీనిని ముట్టవలెను. గజిబిజి కనబడుచుండగా దీనిని నొక్కినచో దయ్యమునకు ప్రాణము పోసినట్లే. మా అన్నగారి కుమారుడు మొదటి ఫైలును బ్రతికించినది మొదటి ఆజ్ఞతోనే. పట్టికల వరుసలో యుటిఎఫ్-8ను ఎన్నుకొనెను, తెర ఒక్కసారి మిణుకుమని తెలుగు నిలిచెను. మేము అంతకు ముందే దానిని పనికిరాదని తొలగింప బోయితిమని అతనికి చెప్పలేదు.

ప్రశ్నార్థకముల ఫైలును మేము తొలగింపలేదు. అందులో ఇరువదిమూడు పాటలు. ఖాళీలును, పంక్తుల విరుపులును ఆస్కీలోనివి గాన అవి చెడక నిలిచినవి. పల్లవి ఎక్కడ, చరణమెక్కడ, ఏ పంక్తి మరల మరల వచ్చినదో కంటికి కనబడుచునే యుండును. మాట మాత్రము లేదు. ఒక్కొక్క అక్షరమునకును, ఒక్కొక్క గుణింతపు గుర్తునకును ఒక్కొక్క ప్రశ్నార్థకము గనుక, ‘తెలుగు’ అను మాట ఉన్నచోట ఆరు గుర్తులుండవలెను. ఈ లెక్కను ఒక సంక్రాంతికి వచ్చిన మా వదినకు, అనగా మేనత్తగారి పెద్ద కుమార్తెకు చెప్పి, ఆ పుటలను కాగితముపై తీసి ఇచ్చితిమి. ఆమె మొదట నవ్వినది. తరువాత కండ్లజోడు సవరించుకొని, వ్రేలితో గుర్తులు లెక్కింప సాగినది. ఒక పాటలో ప్రతి చరణము చివర ఆరు గుర్తులు, ఖాళీ, నాలుగు గుర్తులు, ఖాళీ, మరల ఆరు గుర్తులు. ఆమె కొంతసేపు పెదవులు కదల్చి, సన్నగా పాడ నారంభించినది. చరణములు సగము వచ్చినవి, సగము రాలేదు. ఆ మధ్యాహ్నము మేము ఐదు పాటలను అట్లు సగము సగముగా వ్రాసికొంటిమి. ఈ మారు ఒక ప్రతి కాగితముమీద, ఒక ప్రతి యుటిఎఫ్-8లో. మిగిలిన పదునెనిమిది పాటల కొలతలు మా బల్ల సొరుగులో నున్నవి. ధనుర్మాసములో వచ్చినపుడు మరల చూతమని వదిన అన్నది.